కృష్ణ ఒడ్డున పాత చెక్క పడవ: కొలవడం, రాసి ఉంచడం, కాపాడటం

ఒడ్డున ఒరిగిపోయిన చెక్క పడవ. కాలువలో పూడిక తీస్తుంటే బయటపడ్డ చిల్లుల రాయి. రొయ్యల చెరువు తవ్వుతుంటే తేలిన నల్లటి దుంగ. విజయవాడ, గుంటూరు, దివిసీమ వైపు నుంచి ఈ మూడింటి గురించే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. కనిపించింది సరే, ఇప్పుడు ఏం చేయాలి?

ముందు ఫొటో, తర్వాత కొలత, ఆ తర్వాత పడవ వాళ్ల మాట. వస్తువును కదపడం అన్నిటికంటే చివర. ఈ వరస తిరగబడ్డప్పుడే నష్టం జరుగుతోంది. శుభ్రంగా కడిగి ఫొటో తీద్దామని పడవను రుద్దితే పలకల సందుల్లోని గుగ్గిలం, మేకుల చుట్టూ తుప్పు మరకలు, తాడు రాపిడి గుర్తులు నీళ్లతో పాటు పోతాయి. చదవాల్సింది వాటినే.

కింద కొలతలన్నీ 8 మీటర్ల పడవను ఉదాహరణగా తీసుకుని రాసినవి. ఇద్దరు మనుషులకు రెండు పూటల పని.

## 1. ఎప్పుడు వెళ్లాలి

కాలువల్లో పని అయితే వేసవి. పంట కాలువలకు నీళ్లు ఆపేశాక బందరు, ఏలూరు, రైవస్, కొమ్మమూరు కాలువల అడుగు కనిపిస్తుంది. పూడిక తీసే పొక్లెయిన్లు దిగేదీ అప్పుడే. యంత్రం దిగడానికి ముందు వారమే మీకు దొరికే అసలు సమయం. నీటిపారుదల శాఖ సెక్షన్ ఆఫీసులో అడిగితే ఏ భాగంలో ఎప్పుడు పని మొదలవుతుందో చెబుతారు.

నది ఒడ్డున పని అయితే డిసెంబరు నుంచి మే వరకు. జులై నుంచి అక్టోబరు దాకా దిగువన ఇసుక తిన్నెల మీదికి వెళ్లొద్దు. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తితే మీరు నిలబడ్డ తిన్నె చూస్తుండగానే దీవి అయిపోతుంది. ఇసుక తవ్విన గుంతలు నీటి కింద కనిపించవు. మోకాలి లోతు అనుకున్న చోట రెండు నిలువుల లోతు ఉండొచ్చు. ఈత వచ్చినవాళ్లు కూడా ఇలాంటి గుంతల్లోనే పోతున్నారు.

కాబట్టి మొదటి నియమం: మోకాలు దాటి నీళ్లలోకి దిగొద్దు. మునిగి వెతకడం మీ పని కాదు. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థకు 2001 నుంచి నీటి అడుగు పురావస్తు విభాగం ఉంది, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలో శిక్షణ పొందిన డైవర్లు ఉన్నారు. ఒడ్డున చేయాల్సిన పనే మనకు చాలా ఉంది.

## 2. అడగాల్సిన వాళ్లను ముందే అడగండి

పడవకు యజమాని ఉంటాడు. పదేళ్లుగా ఎండలో పడి ఉన్నా అది ఎవరో ఒకరిదే. అడగకుండా టేపు పట్టుకుంటే పరిహారం కోసమో, పడవ తీయించేయడానికో వచ్చారనుకుంటారు. 2024 సెప్టెంబరు వరదల్లో పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్ల దగ్గర ఇరుక్కున్న తర్వాత, పడవ యజమానులకు కొలతలు తీసేవాళ్లంటే అనుమానం మరీ ఎక్కువగా ఉండొచ్చు.

ముందు రోజు ఖాళీ చేతులతో వెళ్లి మాట్లాడండి. ఏం కొలుస్తారో, కాగితాలు ఎక్కడ ఉంచుతారో చెప్పండి. ఒక కాపీ వాళ్లకే ఇస్తామని మాటిచ్చి, నిలబెట్టుకోండి.

బ్యారేజీ మీద, లాకుల (కాలువలో పడవలను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే తలుపుల గదులు) మీద పని చేయాలంటే నీటిపారుదల శాఖ అనుమతి కాగితం చేతిలో ఉండాలి. డ్రోన్ ఊసు మర్చిపోవడం మంచిది. బ్యారేజీ పరిసరాల్లో దాంతో వచ్చే చిక్కులే ఎక్కువ, పడవ కొలతకు దాని అవసరమూ లేదు.

## 3. సామాను

- 30 మీటర్ల టేపు ఒకటి, 5 మీటర్ల ఉక్కు టేపులు రెండు
- గట్టి నైలాన్ దారం 15 మీటర్లు (చేపల గాలానికి వాడేది సరిపోతుంది)
- వంపు లేని చెక్క బద్ద, 2 మీటర్లు
- వడ్రంగి మూలమట్టం, మేస్త్రీ గుండు దారం, చిన్న రసమట్టం
- ఏ3 గ్రాఫు కాగితాలు, అట్ట, 2హెచ్ పెన్సిళ్లు, రబ్బరు
- 10 సెం.మీ.కు ఒక నలుపు, ఒక తెలుపు వేసిన 1 మీటరు బద్దలు రెండు. చిన్న వస్తువులకు 10 సెం.మీ. బద్ద ఒకటి
- సుద్దముక్కలు, గుడ్డ టేపు, వెదురు పుల్లలు
- ఫోను లేదా కెమెరా, అదనపు బ్యాటరీ
- మెత్తటి పెయింట్ బ్రష్షు. ఇనుప బ్రష్షు తేవొద్దు
- నీళ్ల సీసాలు, టోపీలు, నీటి అంచున పని చేసేవాళ్లకు లైఫ్ జాకెట్లు

పెన్ను ఎందుకు వద్దంటే, చెమట చేయి తగిలినా మంచు పడినా సిరా కారిపోతుంది. ఫోనులో నేరుగా రాసుకోవడం కూడా వద్దు. ఎండలో తెర కనపడదు, 54 బదులు 45 పడిందని సాయంత్రం వరకు తెలియదు.

## 4. ఫొటోలు

ఉదయం ఎండ పదునెక్కకముందే, లేదా మబ్బు పట్టినప్పుడు తీయండి. సగం నీడ, సగం ఎండ పడ్డ పడవ ఫొటో ఎందుకూ పనికిరాదు. చెక్క తడిగా ఉంటే మెరుపు కొడుతుంది, ఆరాక తీయండి.

ముందు ఎనిమిది దిక్కుల నుంచి ఎనిమిది ఫొటోలు. ప్రతిదాంట్లో కొలబద్ద కనబడాలి. తర్వాత, ఫొటోలను సాఫ్ట్‌వేర్‌తో కలిపి తయారుచేసే త్రీడీ నమూనాకు పనికొచ్చే చుట్టు.

పడవ చుట్టుకొలత దాదాపు 19 మీటర్లు. దాని నుంచి 2 మీటర్ల దూరంలో నడిస్తే మీ చుట్టు 32 మీటర్లు అవుతుంది. అర మీటరుకు ఒకటి చొప్పున 64 ఫొటోలు. మోకాలి ఎత్తున ఒక చుట్టు, ఛాతీ ఎత్తున ఒకటి, చేయి పైకెత్తి కిందికి చూపిస్తూ ఒకటి. మొత్తం 192. లోపలి భాగానికి ఇంకో 60. అటూ ఇటూగా 250 ఫొటోలు.

ఒక ఫొటోలో కనిపించిందాంట్లో మూడింట రెండు వంతులు పక్క ఫొటోలోనూ కనిపించాలి. జూమ్ మార్చొద్దు, ఫ్లాష్ వద్దు, పోర్ట్రెయిట్ మోడ్ అసలే వద్దు. పొడవు వెంట ఒక మీటరు బద్ద, అడ్డంగా ఇంకోటి పెట్టి, పని పూర్తయ్యేవరకు వాటిని కదపకండి.

నమూనా ఎక్కువగా చెడేది రెండు కారణాల వల్ల. ఒకటి, మధ్యలో ఎవరో వచ్చి పడవ మీద చెయ్యేసి నిలబడటం. రెండోది, పడవ కింద భాగం ఫొటోల్లో పడకపోవడం. అంచుకూ నేలకూ మధ్య సందులోకి ఫోను దించి కూడా తీయండి. అందని చోటు ఉంటే అందలేదని కాగితం మీద రాయండి.

## 5. కొలతలు

ఫొటోలు ఉంటే టేపు ఎందుకని చాలామంది అడుగుతారు. ఫోను పాడైతే, పదేళ్లకు సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోతే మిగిలేది కాగితమే. అదీకాక, చేత్తో కొలిచినప్పుడే పలక ఎక్కడ అతికారో కంటికి ఆనుతుంది. ఈ భాగాన్ని తొందరపడకుండా చేయండి.

నడిమి దారం. పడవ ముందు కొన పైభాగం నుంచి వెనక కొన పైభాగం వరకు, సరిగ్గా మధ్యగా నైలాన్ దారం బిగించి కట్టండి. ఒక కొన దగ్గర కన్ను పెట్టి దారం వెంట చూడండి. మధ్యలో జారినట్టు కనిపిస్తే ఇంకా బిగించండి. దారం జారితే పడవ మధ్యలో తీసిన లోతులన్నీ ఆ మేరకు తక్కువ వస్తాయి.

గుర్తులు. దారం పక్కనే 30 మీటర్ల టేపు పరిచి, ముందు కొన దగ్గర సున్నా పెట్టి, 50 సెం.మీ.కు ఒక గుర్తు వేయండి. 8 మీటర్లకు గుర్తు 0 నుంచి గుర్తు 16 వరకు మొత్తం 17 గుర్తులు. ప్రతిదానికీ గుడ్డ టేపు మీద నంబరు రాసి అంటించండి.

ఇక్కడే అందరూ చేసే తప్పు ఒకటుంది. చిన్న టేపుతో 50, మళ్లీ 50, మళ్లీ 50 అని జరుపుకుంటూ పోతారు. ప్రతిసారీ 3 మి.మీ. తేడా వచ్చినా 16 సార్లకు 4.8 సెం.మీ. తేడా పడుతుంది. టేపు ఒకసారి పరిచి, అన్ని గుర్తులూ దాని మీదనే చదవండి. టేపు సున్నా ఎక్కడ మొదలవుతుందో కూడా చూసుకోండి. కొన్నింటికి కొక్కెం చివర, కొన్నింటికి కొక్కెం దాటాక ఉంటుంది.

అడ్డకోత, అంటే పడవను అడ్డంగా కోసి చూస్తే కనిపించే ఆకారం. ప్రతి గుర్తు దగ్గరా 2 మీటర్ల బద్దను ఒక అంచు మీది నుంచి ఇంకో అంచు మీదికి అడ్డంగా వేయండి. నాలుగు కొలతలు తీయాలి:

- లోపలి వెడల్పు, అంచు నుంచి అంచు వరకు
- దారం నుంచి బద్ద పైభాగం వరకు ఎత్తు
- బద్ద పైభాగం నుంచి పడవ అడుగు వరకు, సరిగ్గా మధ్యలో
- బద్ద వెంట 10 సెం.మీ.కు ఒకసారి, బద్ద నుంచి పడవ లోపలి గోడ వరకు లోతు

నాలుగోది మూలమట్టం ఆనించి తీయండి, గుండు దారంతో కాదు. ఒడ్డున ఉన్న పడవ ఏదో ఒక పక్కకు ఒరిగే ఉంటుంది. గుండు భూమి వైపు వేలాడుతుంది, పడవ ఒరుగును పట్టించుకోదు. మూలమట్టం బద్దకు లంబంగా ఉంటుంది కాబట్టి పడవ ఎంత ఒరిగినా కోత సరిగ్గా వస్తుంది. పడవను నిటారుగా నిలబెట్టాలని జాకీలు పెట్టొద్దు. ఎండిన పలకలు అప్పుడే చీలతాయి. గుండు దారం బయటి పనికి: ముందు కొన నేల నుంచి ఎంత ఎత్తుంది, ఎంత వాలింది చూడటానికి.

గుర్తు 8 దగ్గర దారం నుంచి బద్దకు 21 సెం.మీ., బద్ద నుంచి అడుగుకు 54 సెం.మీ. వచ్చిందనుకుందాం. దారం నుంచి అడుగు 75 సెం.మీ. ఈ మొత్తాన్ని గుర్తు 7, గుర్తు 9తో పోల్చండి. అవి 74, 76 ఉండి ఇది 65 అయితే చదవడంలో తప్పు జరిగింది. అక్కడికక్కడే మళ్లీ తీయండి. ఇంటికెళ్లాక తప్పు కనిపిస్తే దాన్ని దిద్దే దారి ఉండదు.

ఒకరు కొలిచి గట్టిగా చదవాలి, రాసేవాళ్లు అదే అంకె తిరిగి చెప్పి రాయాలి. రెండు పూటలా ఇలా అరవడం విసుగే. కానీ దీనికి మించిన తనిఖీ లేదు.

సరిచూడటం. ముందు కొన నుంచి గుర్తు 8 ఎడమ అంచుకు, అదే కొన నుంచి గుర్తు 8 కుడి అంచుకు టేపు లాగండి. రెండూ సమానంగా ఉంటే నడిమి దారం నడిమినే ఉన్నట్టు. 2 సెం.మీ. మించి తేడా ఉంటే దారమన్నా పక్కకు జరిగి ఉండాలి, పడవన్నా మెలి తిరిగి ఉండాలి. మెలి తిరగడం పాత పడవకు సహజమే, దాన్ని కాగితం మీద సరిచేయకండి. ఉన్నది ఉన్నట్టు గీయండి.

పడవ కింద దిమ్మలు ఎక్కడ ఉన్నాయో కూడా గీయండి. మధ్యలో మాత్రమే దిమ్మ ఉంటే కొనలు వంగిపోతాయి, కొనల కింద ఉంటే నడుం దిగిపోతుంది. దిమ్మల జాగా తెలియకపోతే, చూసేవాళ్లు ఆ వంపు మేస్త్రీ పెట్టిందే అనుకుంటారు.

గీయడం. పైనుంచి కనిపించే ఆకారం 1:20లో గీస్తే 8 మీటర్లు 40 సెం.మీ. అవుతుంది, ఏ3 కాగితంలో సరిపోతుంది. అడ్డకోతలు 1:10లో. అతుకులు, మేకుల వివరాలు ఉన్నంత సైజులో. ఆ రోజే, అక్కడే, కనీసం మూడు అడ్డకోతలు గీసి చూసుకుని గానీ దారం విప్పకండి.

## 6. ఎలా కట్టారో చదవడం

పడవ ఏ రకమో ముందు తేల్చుకోండి. తాటి బొదె తొలిచిన దోనె, రెండు బొదెలు జతకట్టిన సంగడి, దుంగలు కట్టిన తెప్ప, పలకల నాటు పడవ, బుట్టలా అల్లిన పుట్టి, రెండు పడవల మీద వేదిక వేసిన బల్లకట్టు. తీరం వెంట ఒకప్పుడు అలల్లో సరుకు దించిన మాసుల పడవకు మేకులే ఉండవు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు, పలకలను లోపలి నుంచి పక్కటెముకల్లా పట్టి ఉంచే వంపు కర్రలు ఉండవు. అల కొట్టినప్పుడు విరగకుండా వంగాలని ఆ కుట్టు.

మేకులు కొట్టిన పడవలో రాయాల్సినవి:

- పలకల సంఖ్య, వెడల్పు, మందం (విరిగిన చోట మందం తేలిగ్గా తెలుస్తుంది)
- పలకలు అంచుకు అంచు ఆనాయా, ఒకదాని మీద ఒకటి ఎక్కాయా
- మేకు తల ఆకారం, 1 మీటరు పొడవులో మేకుల లెక్క, మేకు కొనను లోపల వంచారా
- వంపు కర్రల సంఖ్య, మధ్య దూరం. సహజంగా వంగిన కొమ్మా, కోసి వంచినదా
- సందుల్లో దూర్చింది పత్తా, నారా. పైన పూసింది గుగ్గిలమా, తారా
- తర్వాతి మరమ్మతులు: రేకు ముక్కలు, సిమెంటు, ఫైబర్ పూత

కుట్టిన పలక ముక్క దొరికితే చిల్లు వెడల్పు, రెండు చిల్లుల మధ్య దూరం, అంచు నుంచి చిల్లుకు దూరం, తాడు బయటి వైపు అడ్డంగా పోయిందా ఏటవాలుగానా అన్నది కచ్చితంగా రాయండి. చిల్లులో తాడు పోగు మిగిలి ఉంటే తీయొద్దు.

కలప పేరును ఊహించి రాయకండి. ఎండకు బూడిద రంగు తిరిగిన టేకును, మద్దిని చూపుతో వేరు చేయడం కష్టం. పడవ మేస్త్రీ ఏం చెప్పాడో ‘చెప్పిన పేరు’ అని రాయండి. పరీక్షకు ముక్క కావాలంటే ఇప్పటికే విరిగిన చోట నుంచి, యజమాని ఒప్పుకుంటేనే, అంగుళం మించకుండా తీసుకోండి.

కాలువ పడవ అయితే దగ్గరలోని లాకుల వెడల్పు కూడా కొలవండి. సీతానగరం, దుగ్గిరాల వంటి చోట్ల లాకు గదిలో పట్టగలిగినంతే పడవ వెడల్పు ఉండాలి. ఆ లాకును కొలవకపోతే పడవ ఎందుకు ఇంత సన్నగా, ఇంత పొడుగ్గా ఉందో అర్థం కాదు. లాకు రాళ్ల అంచున తాడు ఒరిసి పడ్డ గాడులు ఉంటే వాటికీ ఫొటో తీయండి. గట్టు మీద నడుస్తూ పడవను తాడుతో లాగిన రోజుల గుర్తులవి.

## 7. మాటలు

పలక పుచ్చిపోవడానికి పదిహేనేళ్లు పట్టొచ్చు. దాన్ని ఏమంటారో తెలిసిన మనిషి ఈ వేసవిలోనే పోవచ్చు. అందుకే కొలతలు రెండో పూటకు వాయిదా వేసినా ఫరవాలేదు గానీ పెద్దాయన కూర్చుని ఉంటే ముందు ఆయన దగ్గరికి వెళ్లండి.

పడవ పక్కనే కూర్చోండి, ఇంట్లో వద్దు. భాగం మీద చెయ్యి పెట్టి అడగండి. ‘బాబాయ్, దీన్ని మీరేమంటారు?’ అనాలి. ‘దీన్ని చుక్కాని అంటారు కదా?’ అంటే మీ మీద గౌరవంతో అవునంటాడు. ఆయన నోటి మాట అలా పోతుంది. ముందు కొనకు అణియం, వెనక కొనకు అమరం అని నిఘంటువులు చెబుతాయి. ఆయన నోట ఇంకో మాట వస్తే పలికినట్టే రాయండి. నాగాయలంకలో ఒకటి, నిజాంపట్నంలో ఒకటి ఉండటం తప్పు కాదు, ఆ తేడాయే మనకు కావాల్సింది.

కొలతలు ఆయన కొలతల్లోనే అడగండి. లోతు బారల్లో చెబుతాడు, వెడల్పు మూరల్లో, జానల్లో. అప్పుడు ఆయన్ను చేతులు చాచమని, ఆ బారను టేపుతో కొలిచి పక్కన రాయండి. సరుకు బస్తాల్లో చెబితే ఏ బస్తా అని అడగాలి. 75 కిలోల ధాన్యం బస్తా అయితే 40 బస్తాలంటే 3 టన్నులు. ఉప్పు బస్తాకు ఆ లెక్క కుదరదు.

అడగాల్సినవి:

- కలప ఎక్కడి నుంచి, ఎలా వచ్చింది
- ఎంతమంది, ఎన్ని రోజులు కట్టారు; ముందు ఏది నిలబెట్టారు
- ఏటా మరమ్మతు ఏ నెలలో, ఏ నూనె, ఎంత
- తెరచాప ఉందా, ఏ గాలికి ఎత్తేవారు, ఆ గాలి పేరేంటి
- ఎక్కడ నీరు ఎంత లోతు, ఏ మలుపు దగ్గర భయం
- మొదటిసారి నీళ్లలోకి దించేటప్పుడు ఏం చేసేవారు

ఇంట్లో ఆడవాళ్లను అడగడం మర్చిపోవద్దు. తాడు పేనడం, వల బాగుచేయడం, చేపల లెక్క వాళ్ల చేతుల మీద నడిచిన పనులు. మగవాళ్లకు గుర్తులేని సంవత్సరాన్ని వాళ్లు ఒక పెళ్లి గుర్తుతో, లేదా 1977 ఉప్పెన గుర్తుతో చెప్పేస్తారు.

రికార్డింగు మొదట్లోనే తేదీ, ఊరు, అనుమతి నోటితో చెప్పించండి. పేరు బయటపెట్టొద్దంటే పెట్టకండి.

## 8. నీళ్లలోనో మట్టిలోనో దొరికితే

కృష్ణా డెల్టాలో పాత రేవులు ఇప్పుడు నీటి అంచున లేవు. నది మట్టి పోస్తూ పోస్తూ తీరాన్ని ముందుకు జరిపింది. ఒకప్పటి రేవు ఘంటసాల ఇప్పుడు పొలాల మధ్య ఊరు. అందుకే పాత రేవుల వస్తువులు సముద్రం ఒడ్డున కంటే చెరువు తవ్వకాల్లో, కాలువ గట్టుల్లో బయటపడే అవకాశం ఎక్కువ.

తీయకండి. ఎంత లోతులో, ఏ మట్టి పొరలో, దేని పక్కన ఉందన్నదే దాని కథ. పైకి తీశాక అది ఒట్టి రాయి. యంత్రం నడుస్తుంటే ఆపించి, తవ్విన గోడకు కొలబద్ద ఆనించి నిటారుగా ఫొటో తీయండి. పై నేల నుంచి లోతు కొలవండి.

చోటు రాయండి. జీపీఎస్ అంకెలు దశాంశం తర్వాత ఐదు స్థానాల వరకు రాయాలి. ఐదో స్థానం దాదాపు ఒక మీటరు. ఫోను తప్పు కొన్ని మీటర్లు ఉంటుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మకుండా, కదలని రెండు గుర్తుల నుంచి (వంతెన మూల, కరెంటు స్తంభం, గుడి మెట్టు) టేపు దూరాలు కూడా తీయండి.

చిల్లుల రాయి. ఇది లంగరు రాయి కావచ్చు. లంగరు రాళ్లలో రెండు రకాలు చూడండి. పైన ఒక గుండ్రటి చిల్లు, కింద రెండు చతురస్ర చిల్లులు ఉన్న పలక రాయి; కింది చిల్లుల్లో చెక్క మేకులు దూర్చితే అవి అడుగు మట్టిని పట్టుకుంటాయి. రెండోది ఉంగరంలా మధ్యలో చిల్లున్న గుండ్రటి రాయి. ఈ రెండోదాని దగ్గర పొరపాటు తేలిక: తిరగలి రాయి, గానుగ రాయి, తలుపు తిరిగే గుంట రాయి కూడా అలాగే కనిపిస్తాయి. చిల్లు పై అంచున తాడు ఒరిపిడి నున్నగా ఉందా, రాయికి ఒక ముఖం మాత్రమే అరిగిందా చూడండి. ఒక ముఖమే చదునుగా అరిగితే అది తిరగలి అయ్యే అవకాశమే ఎక్కువ.

బరువు తెలుసుకోవడానికి ఎత్తక్కర్లేదు. 60 × 40 × 20 సెం.మీ. గ్రానైటు రాయి 48,000 ఘన సెం.మీ. ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాముల చొప్పున సుమారు 130 కిలోలు. చిల్లులు, గుండ్రం తిరిగిన మూలలు తీసేసి రాసుకోండి.

నల్లబడ్డ చెక్క. చాలామంది ఎండలో ఆరబెడతారు. అన్నింటికంటే పెద్ద నష్టం అదే. ఏళ్ల తరబడి నీళ్లలో నానిన చెక్కలో కణాల గోడలను సూక్ష్మజీవులు లోపల తినేసి ఉంటాయి, ఆకారం నిలబెట్టేది అందులోని నీరే. ఆ నీరు ఆరితే చెక్క ముడుచుకుని, చీలి, పొట్టులా రాలుతుంది. వారం లోపే జరగొచ్చు, మళ్లీ నానబెట్టినా తిరిగి రాదు.

- బయటపడ్డ భాగం మీద తడి గోనె వేసి, పైన తడి మట్టి కప్పండి
- యంత్రం ఇప్పటికే పైకి లాగేస్తే నీడలోకి చేర్చి, తడి గుడ్డ చుట్టి, పైన పాలిథిన్ చుట్టండి
- రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లండి. నూనె, వార్నిషు, ఫెవికాల్ ఏదీ వద్దు
- కింద పలక పెట్టి ఎత్తండి, కొనలు పట్టుకుని ఎత్తొద్దు

ఇనుము మీద గట్టిపడ్డ తుప్పును గోకొద్దు. లోపల ఇనుమంతా పోయి, తుప్పే ఆకారాన్ని పట్టుకుని ఉండొచ్చు. కుండ పెంకులను రుద్ది కడగొద్దు. ఉప్పునేలలో దొరికిన వాటిని తడిగానే ఉంచి నిపుణులకు అప్పగించండి. ఆరిపోతే లోపలి ఉప్పు గడ్డకట్టి పైపొరను ఊడగొడుతుంది.

చెప్పడం. ఊరి వీఆర్వో, తహసీల్దారు, తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ. 1878 నాటి గుప్తనిధుల చట్టం ప్రకారం నేలలో దాగి దొరికిన, 10 రూపాయలకు మించిన విలువైన దేని గురించైనా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. 1972 పురావస్తువుల చట్టం కింద నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువులు పురావస్తువులు. లైసెన్సు లేకుండా అమ్మకం కుదరదు. వస్తువు ఏమిటి, ఎక్కడ, ఏ తేదీన అన్నవి ఒక పేజీలో రాసి ఇచ్చి, ముద్ర వేయించిన కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

చోటును ఫేసుబుక్కులోనో వాట్సాప్ గ్రూపులోనో పెట్టకండి. రాత్రికి రాత్రే తవ్వేవాళ్లు వస్తారు.

## 9. నిలబడి ఉన్న పడవను కాపాడటం

నేల మీద నేరుగా ఆన్చి ఉంచితే కింది పలక చెదకు, తడికి ముందు పోతుంది. 8 మీటర్ల పడవకు గుర్తు 2, 6, 10, 14ల దగ్గర, వంపు కర్రల కిందికి వచ్చేలా నాలుగు దిమ్మలు పెట్టండి. నేల నుంచి జానెడు ఎత్తు చాలు. దిమ్మకూ పలకకూ మధ్య పాత టైరు ముక్క వేయండి.

పైన తాటాకు పందిరి చాలు, పక్కలు తెరిచి ఉండాలి. టార్పాలిన్‌ను పడవకే చుట్టి కట్టడం మంచి పనిలా కనిపిస్తుంది కానీ లోపల ఆవిరి పట్టి ఒక్క వానాకాలంలో బూజు పడుతుంది. వాన నీరు లోపల నిలవకుండా ఒక కొన కాస్త పల్లంగా ఉంచి, అడుగు చిల్లు తెరిచి పెట్టండి.

ఫైబర్ పూత వేయించొద్దు. చెక్కలో తడి బయటికి పోయే దారి మూసుకుపోయి, పైన మెరుస్తూనే లోపల పుచ్చిపోతుంది. ఆయిల్ పెయింటుదీ అదే దారి. మేస్త్రీ వాడుకలో ఉన్న నూనె ఏదైతే అదే, పల్చగా, ఏటా వాన ముందు పూయించండి. రిసార్టుల్లో, పార్కుల్లో పాత పడవలో మట్టి నింపి పూలమొక్కలు పెడుతున్నారు. అలా చేస్తే పడవను అలంకరించినట్టు కాదు, పాతిపెట్టినట్టు.

## 10. విరగ్గొట్టక తప్పదంటే

కొన్నిసార్లు యజమాని వంటచెరకుకు అమ్మేస్తాడు, లేదా ప్రమాదమని అధికారులు కోయిస్తారు. అడ్డుపడి గొడవ చేయడం కంటే ఒక గంట అడగండి. ఆ గంటలో:

- 20 నిమిషాలు: చుట్టూ ఫొటోలు, ఒకటిన్నర చుట్టు
- 20 నిమిషాలు: పొడవు, గుర్తు 4, 8, 12ల దగ్గర అడ్డకోతలు
- 10 నిమిషాలు: మేకులు, అతుకులు, దగ్గర ఫొటోలు
- 10 నిమిషాలు: యజమాని గొంతుతో పేర్లు

కోసేటప్పుడు అడిగి తీసుకోవాల్సినవి రెండే: ముందు కొన దూలం, మధ్యలో ఒక వంపు కర్ర దానికి అంటిన పలకలతో సహా అర మీటరు ముక్క. మొత్తం కట్టుబడి ఆ అర మీటరులో ఉంటుంది. డబ్బు అడిగితే వంటచెరకు ధర ఇచ్చేయండి.

## 11. కాగితాలు, ఫైళ్లు

ప్రతి పడవకూ ఒకే నంబరు: ఊరు, సంవత్సరం, వరస సంఖ్య. ‘సీతానగరం-2025-03’ లాగా. ఫొటోల ఫోల్డరుకు, గ్రాఫు కాగితానికి, ఆడియోకు అన్నిటికీ అదే నంబరు వేయండి. నంబరు లేని కాగితం ఏడాదికి ఎవరి పడవదో చెప్పలేని కాగితం అవుతుంది.

కొలతలను అదే వారం టైపు చేయండి. పెన్సిల్ కాగితాన్ని పారేయకండి, స్కాన్ చేసి అట్టపెట్టెలో ఉంచండి. ఫైళ్లు మూడు చోట్ల: ఇంటి కంప్యూటరు, వేరే ఇంట్లో ఒక హార్డ్ డిస్కు, ఆన్‌లైన్‌లో ఒక కాపీ. ఆడియోను వాట్సాప్‌లో పంపి అదే కాపీ అనుకోవద్దు. అసలు ఫైలును కేబులుతో దించుకోండి.

బయట ఒక ప్రతి అప్పగించడానికి విజయవాడ బాపు మ్యూజియం, గుంటూరు బౌద్ధశ్రీ మ్యూజియం, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం చరిత్ర విభాగాలను లిఖితపూర్వకంగా అడగండి. తీసుకుంటే రసీదు తెచ్చుకోండి.

యజమానికి ఇస్తామన్న కాపీ మాత్రం అన్నిటికంటే ముందు ఇవ్వండి. ఏ3లో పడవ గీత, దాని కింద ఆయన చెప్పిన పేర్లు, వెనక ఆయన పడవతో ఉన్న ఫొటో, లామినేషన్ చేయించి. గీతలో తప్పుంటే వేలు పెట్టి చూపిస్తారు, అందుకే పెన్సిల్ జేబులో పెట్టుకుని వెళ్లండి.